మాటకూ చెవికీ మధ్య ఒక రాగి తీగ

వినికిడి యంత్రం పెట్టుకున్న పెద్దలను ఎవరినైనా ఒక్క మాట అడిగి చూడండి. ఇంట్లో, ఎదురుగా కూర్చున్న మనిషి నెమ్మదిగా మాట్లాడితే వినబడుతుందా అంటే వినబడుతుందంటారు. కల్యాణమండపంలోనో, సభలోనో, గుడిలో ప్రవచనం జరిగే చోటో వినబడుతుందా అంటే తల అడ్డంగా ఊపుతారు. "శబ్దం వినబడుతుందండీ, మాటే తెలియడం లేదు" అన్న వాక్యాన్ని ప్రభుత్వ వైద్యశాలల్లో పనిచేసిన ముప్పై నాలుగేళ్లలో లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఇప్పుడు నా రెండు చెవులకూ యంత్రాలున్నాయి కనుక ఆ వాక్యం అర్థం నాకు మరింత బాగా తెలుసు.

వయసు మీదపడ్డాక వచ్చే వినికిడి లోపంలో తొలుత దెబ్బతినేది హెచ్చు పౌనఃపున్యాల గ్రహణశక్తి. లోపలి చెవిలోని నత్తగుల్ల వంటి కోక్లియాలో సన్నని రోమకణాలు ఉంటాయి. వాటిలో హెచ్చు స్వరాలను పట్టే కణాలు ముందుగా నశిస్తాయి, నశించినవి తిరిగి పుట్టవు. మన మాటలో బలమంతా అచ్చులలో ఉంటుంది; అర్థాన్ని విడదీసి చూపేవి చాలావరకు హల్లులు. స, శ, త, క, ప వంటి ధ్వనులు బలహీనమైనవి, క్షణికమైనవి. అందుకే ముసలి చెవికి మాట ఒక మొత్తంగా చేరుతుంది కాని దాని అంచులు చేరవు. పాలు, తాలు, కాలు ఒకటే అయిపోతాయి.

దీనికి తోడు దూరం, ప్రతిధ్వని. ఆరుబయట మనిషి నుంచి మనం రెట్టింపు దూరం జరిగితే మాట బలం 6 డెసిబెల్లు తగ్గుతుంది. గదిలోనైతే మాట తగ్గుతూ పోతుంది కాని గోడలకు కొట్టుకుని వచ్చే ప్రతిధ్వని మాత్రం గదంతా ఇంచుమించు ఒకేలా పరచుకుని ఉంటుంది. నున్నని టైల్సు, సున్నం వేసిన గోడలు, ఎత్తయిన శ్లాబు, కిటికీలకు తెరలు లేకపోవడం. మన హాళ్లన్నీ ఇంచుమించు ఇలాంటివే. తెలుగులో ఈ ప్రతిధ్వని చేసే హాని ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. మన భాషలో హ్రస్వానికీ దీర్ఘానికీ, ఒత్తుకూ ఒత్తులేమికీ అర్థం మారిపోతుంది. ప్రతిధ్వని ధ్వనుల నిడివిని సాగదీసి ఒకదానిమీద ఒకటి పులిమేస్తుంది. "తిన్నాక", "తినక" అన్న రెండు మాటలను తీసుకోండి. కాగితం మీద ఎంత తేడా! రద్దీగా ఉన్న మందుల కౌంటరు దగ్గర, అద్దం వెనుకనుంచి, పైన ఫ్యాన్లు తిరుగుతుండగా ఎంత తేడా?

ఈ ప్రశ్న ఊరికే వేయలేదు. కీళ్లనొప్పుల మాత్రలను తిన్నాక వేసుకొమ్మని కౌంటరులో చెబితే తినక వేసుకోవాలని విని, పదిహేను రోజులు పరగడుపున మింగి, నల్లని విరేచనాలతో వార్డులో చేరిన ఒక పెద్దాయనకు నేనే వైద్యం చేశాను. ఆయన చెవిలో యంత్రం ఉంది. అది పనిచేస్తూనే ఉంది. చీటీలో భోజనం తర్వాత అనే రాసి ఉంది, కాని అది ఆయనకు రాని ఇంగ్లీషులో ఉంది.

వినికిడి యంత్రం తప్పేమిటంటే, దాని తప్పేమీ లేదు. దాని మైకు మన చెవి దగ్గర ఉంటుంది. మాట్లాడే మనిషి ముప్పై అడుగుల దూరంలో ఉంటాడు. మధ్యలో ఉన్న ఫ్యాను చప్పుడు, కుర్చీలు లాగే మోత, వెనుక వరుసలో గుసగుసలు, ప్రతిధ్వని అన్నీ ఆ మైకు చెవికి చేరుస్తుంది. శబ్దాన్ని ఎంత పెంచినా మాటా, మోతా కలిసే పెరుగుతాయి. నిజానికి కావలసింది శబ్దాన్ని పెంచడం కాదు, మాట్లాడేవారి పెదవులకూ మన చెవికీ మధ్య ఉన్న ఆ ముప్పై అడుగుల గాలిని తొలగించడం. దీనికొక పాత, చవకైన, మన దేశంలో బొత్తిగా ప్రచారం లేని ఉపాయం ఉంది. దానిపేరు ఇండక్షన్ లూప్. ప్రేరణ వలయం అనుకోవచ్చు.

విద్యుత్ ప్రవహించే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుందనీ, మారుతున్న అయస్కాంత క్షేత్రంలో తీగచుట్టను ఉంచితే దానిలో విద్యుత్ పుడుతుందనీ పదవ తరగతిలో చదువుకున్నాం. ఫారడే 1831లో కనుగొన్న సంగతి అది. గది అంచుల వెంబడి ఒక తీగను చుట్టూ పరిచి, మైకులోని మాటను ఆంప్లిఫయరు ద్వారా విద్యుత్తుగా ఆ తీగలో పంపితే, గదంతా ఆ మాట అయస్కాంత క్షేత్ర రూపంలో నిండుతుంది. వినికిడి యంత్రంలో టెలికాయిల్ అనే చిన్న తీగచుట్ట ఉంటే, అది ఆ క్షేత్రాన్ని పట్టి తిరిగి మాటగా మారుస్తుంది. యంత్రాన్ని "టీ" స్థానానికి మార్చగానే దాని సొంత మైకు ఆగిపోతుంది. ఫ్యాను, కుర్చీలు, గుసగుసలు అన్నీ ఒక్కసారిగా మాయమై, వక్త నోటి ముందున్న మైకులో పడిన మాట మాత్రమే చెవిలో పలుకుతుంది. ఈ పద్ధతికి జోసెఫ్ పోలియాకాఫ్ బ్రిటన్‌లో 1937లోనే పేటెంటు పొందాడు. టెలికాయిల్ మొదట వచ్చింది టెలిఫోను మాట వినడం కోసం. పేరులోని "టెలి" అదే. మన దేశంలోనూ కొన్ని బధిర పాఠశాలల తరగతి గదులలో ఈ వలయాలను చాలాకాలంగా వాడుతున్నారు. అక్కడి నుంచి సభామందిరాలకూ కౌంటర్లకూ రావడమే జరగలేదు.

మా ఊరి వయోవృద్ధుల సంఘానికి ఒక చిన్న భవనం ఉంది. కింద నలభై అడుగుల పొడవు, పాతిక అడుగుల వెడల్పు గల హాలు, పైన గ్రంథాలయం. సభ్యులలో సగంమందికి పైగా డెబ్బై దాటినవారు. కొన్నేళ్లుగా ఆదివారం ప్రసంగాలకు వచ్చేవారి సంఖ్య తగ్గుతూ వచ్చింది. కార్యవర్గం దీనికి కనిపెట్టిన విరుగుడు ఇంకా పెద్ద స్పీకర్లు కొనడం. అవి వచ్చాక, వినికిడి బాగున్నవారు కూడా వెనక్కి జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. రావడం మానేసినవారిలో ఒక విశ్రాంత తెలుగు పండితులు ఉన్నారు. ముప్పై ఏళ్లు పద్యం చెప్పిన మనిషి. వెళ్లి అడిగితే, "వచ్చి ఏం చేయాలి డాక్టరుగారూ? అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వడానికా?" అన్నారు.

వినికిడి తగ్గిన పెద్దలు ముందు సభలు మానేస్తారు, తరువాత పెళ్లిళ్లు మానేస్తారు, ఆ తరువాత ఇంట్లో భోజనాల దగ్గర మాట్లాడటం మానేస్తారు. దాన్ని ఇంట్లోవాళ్లు "నాన్నకు ఇప్పుడు ఏదీ పట్టడం లేదు" అంటారు. మతిమరుపు అనుకుని నా దగ్గరకు తీసుకొచ్చినవారూ ఉన్నారు. మధ్యవయసు నుంచి సరిచేయని వినికిడి లోపం ఉన్నవారికి చిత్తవైకల్యం వచ్చే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి కూడా. అందుచేత ఈ తీగ సంగతి సౌకర్యానికి సంబంధించినది మాత్రమే కాదని కార్యవర్గానికి చెప్పి ఒప్పించాను. మూడు సమావేశాలు పట్టింది.

ఇక తీగ పరచడం గురించి కొంచెం విపులంగా రాస్తాను. మీ ఊరి సంఘ భవనంలోనో, గుడి మండపంలోనో, ఆసుపత్రిలోనో ఎవరైనా పెట్టదలిస్తే ఈ వివరాలే పనికివస్తాయి. ఇది నాకు తెలిసిన విద్య కాదు గనుక శ్రవణ పరికరాలు అమర్చే ఒక ఇంజనీరును పిలిపించుకున్నాం. ఆయన వెంట మా వీధి ఎలక్ట్రీషియను కుర్రవాడు. నేను కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని ప్రశ్నలు వేసినవాణ్ణి.

ఇంజనీరు వచ్చీ రాగానే తీగ తీయలేదు. చేతిలో ఒక చిన్న మీటరు పట్టుకుని హాలంతా నడిచారు. గదిలో ఇప్పటికే ఉన్న అయస్కాంత మోతను ముందు కొలవాలట. మన ఇళ్ల కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది. అది పారే ప్రతిచోటా ఆ పౌనఃపున్యంతోనూ, దాని గుణిజాలతోనూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. చెవికి వినబడదు కాని టెలికాయిల్‌కు అది తుమ్మెద రొద. నా యంత్రాన్ని "టీ"లో పెట్టుకుని నేనూ ఆయన వెంట నడిచాను. కిటికీల వైపు నిశ్శబ్దంగా ఉంది. మెట్ల వైపు వెళ్లేసరికి చెవిలో రొద భరించలేనంతగా పెరిగింది.

కారణం తెలిసినప్పుడు ఎలక్ట్రీషియను కుర్రవాడే ఆశ్చర్యపోయాడు. ఫేజు తీగ, న్యూట్రలు తీగ ఒకే గొట్టంలో పక్కపక్కనే వెళ్తే, ఒకదానిలో పోయే కరెంటు, మరొకదానిలో తిరిగివచ్చే కరెంటు ఒకదాని క్షేత్రాన్ని మరొకటి చాలావరకు చెరిపేస్తాయి. రొద ఉండదు. ఫేజు ఒక దారిన వెళ్లి న్యూట్రలు మరో దారిన తిరిగివస్తే, ఆ రెంటి మధ్య ఉన్న స్థలమంతా మనం కోరని ఒక పెద్ద లూపు అవుతుంది. మన భవనాల్లో ఇన్వర్టరు పెట్టినప్పుడు తరచు జరిగేది ఇదే. ఇన్వర్టరు నుంచి ఫేజు తీగ ఒక్కటే కొత్తగా లాగి, న్యూట్రలుకు పాత తీగనే వాడుకుంటారు. దీపాలు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, ఎవరికీ ఏ అనుమానమూ రాదు. మెట్ల దీపానికి కిందొకటి పైనొకటి ఉండే రెండు స్విచ్చుల ఏర్పాటులోనూ ఇదే జరుగుతుంది. మా భవనంలో రెండూ ఉన్నాయి. ఫేజుకు జోడుగా న్యూట్రలును కూడా అదే దారిన వేయించేసరికి మెట్లవైపు రొద ముప్పావు వంతు పోయింది. మిగిలినది ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటర్లది. వాటిలో ఒకటి మరీ పాతది, దాన్ని మార్పించాం. ఈ పరీక్షను కరెంటు ఉన్నప్పుడు ఒకసారి, ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు ఒకసారి, రెండుసార్లూ చేయాలి. ట్రాన్స్‌ఫార్మరును ఆనుకున్న గది అయితే చాలాసార్లు ఆశ వదులుకోవలసిందే.

తరువాత తీగ ఎక్కడ పరచాలన్న ప్రశ్న. నేల మీదా, పైకప్పులోనా? కూర్చున్న మనిషి చెవి నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉంటుంది. తీగ సరిగ్గా చెవి ఎత్తునే ఉంటే గోడల దగ్గర కూర్చున్నవారికి చెవులు బద్దలవుతాయి, మధ్యలో ఉన్నవారికి సన్నగా వినబడుతుంది. తీగకు కొంత ఎడంగా, కిందో పైనో చెవి ఉంటేనే క్షేత్రం సమంగా పరచుకుంటుంది. హాలు ఎంత వెడల్పయితే ఆ ఎడం అంత ఎక్కువ కావాలి. మా హాలు ఏడున్నర మీటర్ల వెడల్పు గనుక నేల మట్టాన తీగ పరిస్తే ఎడం సరిపోయింది. మాది కింది అంతస్తు కావడం కూడా కలిసివచ్చింది. మట్టి, కంకర మీద వేసిన గచ్చు. దానిలో ఇనుప ఊచలు లేవు. అదే పై అంతస్తు శ్లాబు అయితే అందులోని ఊచల వల క్షేత్రాన్ని మింగేస్తుంది. పైగా అది ఎక్కువగా మింగేది హెచ్చు పౌనఃపున్యాలనే, అంటే మా వయసువాళ్లకు ఇప్పటికే కరువైన ఆ అంచులనే. అటువంటి చోట ఒకే పెద్ద చుట్టు చాలదు. ఎనిమిది అంకె ఆకారంలోనో, లేక రెండు వలయాలను కొంచెం పక్కకు జరిపి, ఒకదాని సంకేతాన్ని రెండవదానికంటే పావు ఆవర్తనం ఎడంగా నడిపో లోటు పూడుస్తారు. ఈ రెండవ పద్ధతిలో క్షేత్రం గది బయటికి అంతగా పొంగదు కూడా. పక్కపక్క గదుల్లో రెండు లూపులు ఉన్నప్పుడు, లేదా లోపలి మాట బయటికి పోకూడని చోట, అదే కావాలి. వైద్యుడి గదిలోనో, కోర్టులోనో ఈ సంగతి చిన్నది కాదు. గోడ అవతల "టీ"లో యంత్రం పెట్టుకుని కూర్చున్నవారికి లోపలి మాటలన్నీ వినబడతాయి.

తివాచీలు పరిచిన విదేశీ భవనాల్లో పలుచని రాగి పట్టీని తివాచీ కింద అంటిస్తారు. మనవి టైల్సు. టైల్సు పగలగొట్టకుండా, గోడ అడుగున ఉండే స్కర్టింగు మీదుగా సన్నని ప్లాస్టిక్ పట్టీ లోపల తీగను తీసుకువెళ్లారు. గుమ్మాల దగ్గర మాత్రం గడప కింద గాడి కొట్టి గొట్టంలో దాటించారు. చుట్టూ 39 మీటర్లు. ఇంటి వైరింగుకు వాడే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. కీళ్లు లేకుండా ఒకే ముక్క. ఇందులో అద్భుతమైన సామగ్రి ఏమీ లేదు; అద్భుతమల్లా ఆంప్లిఫయరులో ఉంది.

ఆ సంగతి చెప్పకపోతే ఎవరో ఒకరు సభ స్పీకర్లకు వాడే ఆంప్లిఫయరుకే తీగను తగిలిస్తారు. అంత పొడవు తీగకు నిరోధం అర ఓమ్‌లోపే. కాని ప్రేరకత్వం వల్ల పౌనఃపున్యం పెరిగేకొద్దీ అడ్డు పెరుగుతూ, 5,000 హెర్ట్జ్ దగ్గర అది రెండున్నర ఓమ్‌ల దాకా వెళుతుంది. మామూలు ఆంప్లిఫయరు వోల్టేజిని స్థిరంగా ఉంచుతుంది కనుక హెచ్చు స్వరాలకు కరెంటు పడిపోతుంది. మళ్లీ ఆ స, శ, త లకే దెబ్బ. లూపు కోసమే తయారయ్యే ఆంప్లిఫయరు ఎంత అడ్డు వచ్చినా కరెంటును స్థిరంగా తోస్తుంది. వక్త గొణిగినా, గట్టిగా అరిచినా స్థాయిని సమం చేసే ఏర్పాటు కూడా దానిలో ఉంటుంది. మా హాలుకు మాట ఉచ్చస్థాయిలో నాలుగు ఆంపియర్లకు పైగా కావలసి వచ్చింది. ఆంప్లిఫయరు నుంచి లూపు మొదలయ్యే చోటు వరకు వెళ్లే రెండు తీగలను జడలా మెలిపెట్టాలి, లేకపోతే ఆ భాగం కూడా లూపుగా పనిచేస్తుంది. మైకు తీగలను లూపు తీగ వెంబడి నడపరాదు. నడిపితే పంపిన మాటే మైకు తీగలోకి తిరిగి దూరి కూత పెడుతుంది. మా కుర్రవాడు అందం కోసం రెండింటినీ ఒకే పట్టీలో పెట్టబోయాడు. "ఆగు బాబూ" అని ఇంజనీరు చేయి పట్టుకున్నారు.

అంతా అయ్యాక మళ్లీ కొలతలు. దీనికొక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఈసీ 60118-4. మాట ఉచ్చస్థాయిలో క్షేత్రబలం మీటరుకు 400 మిల్లీఆంపియర్లు ఉండాలనీ, కూర్చునే చోటులన్నిటా తేడా 3 డెసిబెల్లకు మించరాదనీ, 100 నుంచి 5,000 హెర్ట్జ్ వరకు స్పందన సమంగా ఉండాలనీ దాని సారాంశం. పని చేయించేవారు ఈ ప్రమాణం పేరు కాగితం మీద రాయించుకుని, కొలతల పట్టిక చేతికి తీసుకున్నాకే డబ్బు చెల్లించాలి. "వినబడుతోంది కదా సార్" అన్న మాటతో సరిపెట్టుకోకూడదు. ఎవరికి వినబడుతోంది? అది చెప్పేవాడికి పాతికేళ్లు, వాడి చెవులు బాగున్నాయి.

పేస్‌మేకర్ ఉన్న సభ్యులు ఇద్దరు భయపడుతూ అడిగారు. మీటరుకు 400 మిల్లీఆంపియర్లంటే అర మైక్రోటెస్లా. మనం పుట్టినప్పటినుంచీ ఉంటున్న భూమి అయస్కాంత క్షేత్రం మన ప్రాంతంలో సుమారు 40 మైక్రోటెస్లాలు. అది స్థిరమైనది, ఇది మారేది అన్న తేడా ఉన్నా, గది లూపు విషయంలో భయపడవలసినది లేదు. మెడలో వేసుకునే చిన్న లూపులు మాత్రం గుండెకు దగ్గరగా ఉంటాయి కనుక వాటిని వాడేముందు మీ హృద్రోగ నిపుణుణ్ణి అడగండి.

మొదటి ఆదివారం పండితులవారిని ఆటో పంపి పిలిపించాం. ఆయన యంత్రం బటన్ నొక్కి "టీ"లో పెట్టి, నాలుగో వరుసలో కూర్చోబెట్టాను. గోడ పక్కన కూర్చోనివ్వలేదు. తీగకు సరిగ్గా పైన నిలువు క్షేత్రం ఉండదు, అక్కడ మాట సన్నగిల్లుతుంది. ప్రసంగం మొదలైంది. ఆయన మొదట సీలింగు వైపు చూశారు, ఎక్కణ్ణుంచి వస్తోందా అని. ఆ తరువాత కదలలేదు. పావుగంట గడిచాక వక్త ఒక పద్యం చదివి మూడో పాదంలో యతి చెడగొట్టారు. పండితులవారు కూర్చున్నచోటు నుంచే, వక్త పక్కనే ఉన్నారన్నంత సహజంగా, దాన్ని సరిచేశారు. సభంతా వెనక్కి తిరిగింది. వక్తకు కొంచెం చిన్నబుచ్చినట్లయింది. మా అందరికీ మాత్రం చెప్పలేనంత సంతోషమైంది. తిరిగి వెళ్తూ ఆయన అన్నది ఒక్కటే: "మాటకు అంచులు వచ్చాయి."

అయితే లూపు పెట్టినంతమాత్రాన అందరికీ వినబడదు. ఆ రోజు యంత్రాలు ఉన్నవారు పంతొమ్మిది మంది వచ్చారు. వారిలో టెలికాయిల్ పనిచేస్తున్నవారు ఏడుగురే. మరో ఐదుగురి యంత్రాల్లో చుట్ట ఉంది కాని, అమ్మినవారు దాన్ని తెరిచి పెట్టలేదు, ఉన్నట్టు చెప్పనూ లేదు. శ్రవణ నిపుణుడు కంప్యూటరుకు తగిలించి పది నిమిషాల్లో దాన్ని చేతనం చేయగలరు. మిగిలిన ఏడుగురివి చెవి రంధ్రంలో ఇమిడిపోయే రకాలో, రీచార్జి అయ్యే సన్నని రకాలో. వాటిలో చుట్టకు చోటు లేదు. కనబడకుండా ఉండాలన్న కోరికకు మనం చెల్లించే వెల ఇది. చెవి వెనుక పెట్టుకునే యంత్రాల్లో చాలావాటిలో టెలికాయిల్ ఉంటుంది. కోక్లియర్ ఇంప్లాంటు పరికరాల్లోనూ సాధారణంగా ఉంటుంది. యంత్రం కొనబోయే ప్రతివారికీ నేను చెప్పేది: ధర అడగకముందే "టెలికాయిల్ ఉందా, దాన్ని తెరిచి ఇస్తారా, మైకూ టెలికాయిలూ కలిసి పనిచేసే ఏర్పాటు ఉందా" అని అడగండి. అడిగితే కొందరు దుకాణదారులు "అది పాతది సార్, ఇప్పుడంతా బ్లూటూత్" అంటారు. ఆరాకాస్ట్ అనే కొత్త బ్లూటూత్ ప్రసార పద్ధతి వచ్చిన మాట నిజమే. మున్ముందు అది లూపు స్థానాన్ని ఆక్రమించవచ్చు కూడా. కాని ఈనాటికి అది అందే యంత్రాలు ఖరీదైనవి, ప్రసారాన్ని వెతికి పట్టుకోవడానికి తరచు సెల్‌ఫోను తెరవాలి. ఎనభై ఏళ్ల మనిషికి ఒక బటన్ నొక్కడం వేరు, ఫోనులో వెతకడం వేరు. ప్రస్తుతానికి రెండూ ఉన్న యంత్రమే కొనమని నా సలహా. యంత్రం లేనివారికోసం మా సంఘం హెడ్‌ఫోన్లు గల చిన్న లూపు రిసీవర్లు నాలుగు కొని, రిజిస్టరు దగ్గర పెట్టింది.

వాడకంలో ఒక చిన్న కిటుకు. యంత్రంలోని చుట్టను లూపుల కోసం నిలువుగా అమరుస్తారు. తల బాగా వంచితే అది పక్కకు ఒరిగి మాట తగ్గిపోతుంది. అరవై డిగ్రీలు వంచితే సగమైపోతుంది. ప్రార్థనలో తల వంచుకున్నప్పుడు దేవుడి మాట వినబడటం లేదని మా సభ్యురాలు ఒకావిడ నవ్వుతూ చెప్పారు. మరొక చిక్కు మైకు. లూపు పంపేది మైకులో పడిన మాటను మాత్రమే. మైకును బొడ్డు దగ్గర పట్టుకునే వక్తలూ, "నా గొంతు పెద్దదే, మైకు అక్కరలేదు" అనే మహానుభావులూ ఉన్నంతకాలం ఏ తీగా ఏమీ చేయలేదు. ప్రశ్నలు అడిగే శ్రోతలకు కూడా మైకు అందించవలసిందే.

హాలు కన్నా కూడా ఈ పద్ధతి అత్యవసరంగా కావలసినది కౌంటర్ల దగ్గర. టికెట్టు కౌంటరు, బ్యాంకు, ఆసుపత్రి చీటీల కిటికీ, మందుల పంపిణీ. బల్ల కింద అరచేయి మందాన ఒక చిన్న లూపు, ఉద్యోగి ముందొక మైకు, ఇంతే సరంజామా. గోడలు తవ్వే పని లేదు. బ్రిటన్‌లో 1995 నాటి వికలాంగుల వివక్ష నిరోధక చట్టం, దాని తరువాత వచ్చిన 2010 సమానత్వ చట్టం పుణ్యమా అని బ్యాంకుల్లో, రైలు స్టేషన్లలో, చర్చిల్లో, లండను నల్ల టాక్సీల్లో కూడా ఇది ఉంటుంది. న్యూయార్క్ సబ్‌వే కౌంటర్లలోనూ పెట్టారు. నీలి పలక మీద తెల్లని చెవి, దానిమీద ఏటవాలు గీత, కింద ఇంగ్లీషు "టి" అక్షరం ఉంటే అక్కడ లూపు ఉన్నట్టు. పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్లే మన పెద్దలు ఆ గుర్తు కోసం చూడండి, కనబడితే బటన్ నొక్కండి. మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. అందరికీ అందుబాటులో ఉండే భవనాల కోసం కేంద్రం 2021లో వెలువరించిన మార్గదర్శకాల్లో లూపుల ప్రస్తావన ఉంది. ఇటువంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోరాదనీ, తప్పనిసరి కనీస నియమాలు ఉండాలనీ 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ర్యాంపులు ఇప్పుడిప్పుడే కనబడుతున్నాయి. చెవి కంటికి కనబడని అవయవం కనుక దాని వంతు వెనుకబడింది.

ప్రపంచంలో 43 కోట్ల మందికి చికిత్సో, సహాయ పరికరాలో అవసరమైనంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక లెక్క కట్టింది. మన ప్రభుత్వం పేదలకు అడిప్ పథకం కింద వినికిడి యంత్రాలు ఇస్తోంది. యంత్రం ఇచ్చినవారు ఆ యంత్రం పట్టుకుని వెళ్లే కౌంటరు దగ్గర ఒక అడుగు తీగ కూడా పెడితే ఇచ్చినదానికి ఫలితం దక్కుతుంది. నేను పనిచేసిన వైద్యశాలలలో ఒకదానికి ఈ విషయమై ఉత్తరం రాశాను. మందుల కిటికీ దగ్గర ఒక లూపు, చీటీ మీద తెలుగులో "తిన్న తరువాత", "తినడానికి ముందు" అని పెద్ద అక్షరాల ముద్ర, రెండే కోరాను. ముద్ర వచ్చింది. లూపు దస్త్రం నడుస్తోంది.

ఇంట్లో టీవీ కోసం కూడా సోఫా దిండు కింద పెట్టుకునే లూపులు దొరుకుతాయి. టీవీ శబ్దం గురించి కోడలికీ అత్తగారికీ మధ్య రోజూ జరిగే వాగ్వాదాన్ని ఒక ఇంట్లో ఇది ఆపిందని మాత్రం చెప్పి వదిలేస్తాను.

కిందటి నెల మా హాలులో లూపు హఠాత్తుగా మూగబోయింది. రంగులు వేయడానికి వచ్చినవారు గడప దగ్గర పట్టీని పెకలించి, తీగ తెగితే దానికి టేపు చుట్టి వెళ్లారు. మామూలు చెవులవారెవరికీ తెలియలేదు. పండితులవారు చేయి ఎత్తి చెప్పారు. తెగిన చోట సోల్డరింగు చేయించి, మీటరుతో మళ్లీ కొలిపించాం. అప్పటినుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం సభకు అరగంట ముందు ఆయనే రిసీవరు పెట్టుకుని వరుసల మధ్య నడిచి చూసి, రిజిస్టరులో "వినబడుచున్నది" అని రాసి సంతకం చేస్తున్నారు.